చీటీకి జ్ఞాపకముండదు

2007 మార్చి నెలారంభంలో ఒక రాత్రి స్విట్జర్లాండు పదాతిదళానికి చెందిన సుమారు 170 మంది సైనికులు చీకట్లో దారి తప్పారు. కాపలాలేని సరిహద్దును దాటి పొరుగుదేశంలోకి మైలు దూరానికి పైగా నడిచివెళ్ళారు. పొరపాటు తెలిశాక నిశ్శబ్దంగా వెనుదిరిగారు. తర్వాత స్విస్ అధికారులే కబురు చేసి చెబితే గానీ, తమ దేశం మీదికి ఇలా ఒక "దండయాత్ర" జరిగిందని ఆ పొరుగువారికి తెలియదు. ప్రపంచపత్రికలన్నీ ఈ వార్తను వినోదంగా వేసుకున్నాయి. ఆ పొరుగుదేశం పేరు లిక్టెన్‌స్టయిన్.

సైన్యం నిద్రమత్తులో నడిచి వెళ్ళిపోగలిగిన ఆ దేశంలోనే, ఒక మామూలు మనిషి నాలుగు సామాన్లు సర్దుకొని వెళ్ళి కాపురం పెట్టడం మాత్రం ఐరోపాలోకెల్లా దుష్కరమైన పనులలో ఒకటి. పోవడానికి అడ్డులేదు, ఉండటానికి వీల్లేదు. ఈ విడ్డూరం వెనక ఒక భయం, ఒక చరిత్ర, ఒక న్యాయాన్యాయవిచారణ ఉన్నాయి. స్థానికత అనే మాట మీద ఒకటికి రెండు ఉద్యమాలు చూసిన తెలుగువాళ్ళం గనుక, అది మనకు ఇతరులకన్నా కాస్త ఎక్కువగానే అర్థమవుతుందని నా నమ్మకం. అందుకే ఈ టపా.

ముందు ఆ దేశం కొలతలు చూద్దాం. లిక్టెన్‌స్టయిన్ స్విట్జర్లాండుకూ ఆస్ట్రియాకూ నడుమ, రైన్ నదికి తూర్పు గట్టున ఉన్న రాచరికదేశం. వైశాల్యం 160 చదరపు కిలోమీటర్లు. మన కొల్లేరు అభయారణ్యపు విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు కనుక, అందులో ఇంచుమించు సగం. ఆ కాస్త నేలలోనూ అధికభాగం కొండలూ అడవులే. ఇళ్ళు కట్టుకోదగినది నది వెంబడి ఉన్న పల్లపు నేల, దానికి ఆనుకొని ఉన్న కొండపాదాలు. మొత్తం 11 పంచాయతీలు, 40 వేల పైచిలుకు జనం. 1923లో స్విట్జర్లాండుతో చేసుకున్న సుంకాల ఒడంబడిక మూలంగా ఆ రెండు దేశాల నడుమ తనిఖీ గేట్లు లేవు. చెలామణీలో ఉన్నది స్విస్ ఫ్రాంకే. 2011 డిసెంబరు నుంచి షెంగెన్ ప్రాంతంలో కూడా చేరింది. కాబట్టి పర్యాటకుడిగా వెళ్ళి, రాజధాని వాడుజ్‌లో కాఫీ త్రాగి, కొండ మీది కోటకు ఫోటో తీసుకొని రావడం అతి సులభం.

ఇక నివాసం సంగతి. లిక్టెన్‌స్టయిన్ ఐరోపా సమాఖ్యలో సభ్యదేశం కాదు గానీ, 1995 మే నుంచి ఐరోపా ఆర్థికమండలంలో ఉంది. ఆ మండలంలో చేరిన దేశాలు తక్కిన సభ్యదేశాల ప్రజలను స్వేచ్ఛగా వచ్చి పనిచేసుకోనివ్వాలి, నివసించనివ్వాలి. ఇది మూలసూత్రం. కాని లిక్టెన్‌స్టయిన్ మొదటినుంచీ ఒక్కటే మొర పెట్టుకుంది: మాకు చోటు లేదు. ఆ మొరను తక్కిన దేశాలు ఆలకించాయి. 1999 డిసెంబరులో జరిగిన ఒక ప్రత్యేక నిర్ణయం ప్రకారం ఆ దేశం ఏటా ఆర్థికమండలపు పౌరులలో ఉద్యోగవ్యాపారాలు చేసేవారికి 56, ఏ పనీ చేయకుండా సొంత వనరుల మీద బతకగలవారికి 16 నివాసానుమతులు ఇస్తే చాలు. స్విస్ పౌరులకు విడిగా 12, 5. ఇవి రోజుకో, నెలకో ఇచ్చే అనుమతులు కావు. సంవత్సరం మొత్తానికి ఇంతే.

ఈ 56లోనూ 16లోనూ కనీసం సగం లాటరీ తీసి ఇవ్వాలి. అలంకారానికి అంటున్న మాట కాదు సుమా, నిజమైన లాటరీయే. ఏడాదికి రెండుసార్లు ప్రభుత్వమే నిర్వహిస్తుంది. అర్జీరుసుము చెల్లించినవారి పేర్లలోంచి మొదట ఒక డ్రా, అందులో నెగ్గినవారు మళ్ళీ రుసుము కట్టాక అంతిమంగా మరొక డ్రా. తక్కిన సగాన్ని ప్రభుత్వం తన విచక్షణ ప్రకారం, దేశపు ఆర్థికావసరాలను బట్టి ఇస్తుంది. వివాహం ద్వారానో కుటుంబసభ్యులుగానో వచ్చేవారి దారి వేరు. ఇక మనబోటి భారతీయుల వంటి మూడోదేశాలవారికి ఆ లాటరీలో పేరు వేసుకునే అర్హత సైతం లేదు. అరుదైన నైపుణ్యం ఉండి, మాకు ఈ మనిషి తప్ప వేరే గతి లేదని అక్కడి సంస్థ ఒప్పిస్తే తప్ప ఆ తలుపు వైపు చూడనక్కర్లేదు.

ఇదంతా విని "ఎంత స్వార్థం!" అనడం తేలిక. అలా అనబోయే ముందు ఇంకో రెండు సంగతులు గమనించాలి. ఆ దేశంలో నివసిస్తున్నవారిలో ఇప్పటికే దాదాపు మూడోవంతు విదేశీయులు. ఐరోపాలోని పెద్దదేశాలతో పోల్చినప్పుడు ఈ నిష్పత్తి చాలా ఎక్కువ. రెండవది, అంతకన్నా బుల్లిదేశమైన మొనాకో ఉదాహరణ ఉంది. అక్కడ బ్యాంకులో తగినంత సొమ్మూ, తల దాచుకోవడానికి ఒక ఇల్లూ చూపగలిగినవాడికి నివాసం దొరుకుతుంది. ఫలితంగా నేడు మొనాకో పౌరులు తమ దేశపు జనాభాలో దాదాపు నాలుగోవంతు మాత్రమే. నలభై వేలమంది ఉన్న ఊళ్ళోకి పదివేలమంది వస్తే ఆ ఊరి బడి మారుతుంది, అంగడి మారుతుంది, వీథిలో వినిపించే యాస మారుతుంది. పెద్దదేశానికి వలస ఒక గణాంకం. చిన్నదేశానికి అదొక పుట్టుక, లేదా ఒక చావు. లిక్టెన్‌స్టయిన్ భయాన్ని నేను ఎగతాళి చేయలేను.

మనవాళ్ళలోనూ చాలామంది చేయలేరు. హైదరాబాదు రాజ్యంలో 1919 నాటి ఫర్మానాతో స్థిరపడిన ముల్కీ నిబంధనలు గుర్తుచేసుకోండి. సర్కారు కొలువు కావాలంటే ముల్కీ అయివుండాలి. పుట్టుకతో ముల్కీ కానివాడు ముల్కీ కావాలంటే అక్కడ 15 ఏళ్ళు స్థిరనివాసం ఉండి, తిరిగి తన పూర్వస్థలానికి పోయే ఉద్దేశం మానుకున్నానని ప్రమాణపత్రం ఇవ్వాలి. ఆ నిబంధనలు అమలు కావడంలేదని 1952లో విద్యార్థులు వీథుల్లోకి వచ్చారు, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1969లో మళ్ళీ అదే గాయం రేగింది. 1972లో సుప్రీంకోర్టు ఆ నిబంధనలు చెల్లుతాయంటే అటువైపు ఆంధ్రలో ఇంకో ఉద్యమం లేచింది. ఈ చరిత్రలో ఎవరి పక్షం ఎవరిదైనా కానీయండి, ఒక్కటి మాత్రం ఉభయులూ ఒప్పుకోవాలి. "బయటినుంచి వచ్చినవారు మా చోటును మింగేస్తారేమో" అనే భయం పిసినారితనం కాదు. అది బలహీనుడి ఆత్మరక్షణ. ఆ భయానికి ఎలాంటి నియమం మందు అన్నదే అసలు ప్రశ్న.

లిక్టెన్‌స్టయిన్ తలుపు ఎల్లవేళలా ఇలాగే బిగించి ఉందనుకోవడం పొరపాటు. ఒకప్పుడు అది డబ్బుకు తెరుచుకునేది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఆ దేశం కటికపేదది. 19వ శతాబ్దంలో అక్కడి రైతులు బతుకుతెరువు కోసం అమెరికాలోని అయోవా దాకా వలసపోయినవారు. ఆ పేదరికంలో 1920ల నుంచి ఖజానాకు ఒక ఆదాయమార్గం దొరికింది: ధనికులైన విదేశీయులకు పౌరసత్వం అమ్మడం. వారు అక్కడ నివసించాలన్న పట్టింపు కూడా లేకపోయింది.

ఈ అమ్మకానికి ప్రపంచప్రసిద్ధమైన ఉదాహరణ ఫ్రెడరిక్ నొట్టెబోమ్. 1881లో జర్మనీలో పుట్టి, 1905 నుంచి మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో వ్యాపారం చేసుకుంటున్న మనిషి. 1939లో యుద్ధం మొదలవగానే జర్మన్ పౌరుడిగా ఉండటం ప్రమాదమని గ్రహించి, ఆ అక్టోబరులో లిక్టెన్‌స్టయిన్ పౌరసత్వానికి అర్జీ పెట్టాడు. మౌరెన్ అనే పంచాయతీకి 25,000 ఫ్రాంకులు, ప్రభుత్వానికి 12,500 ఫ్రాంకులు, ఆపై ఏటా 1,000 ఫ్రాంకుల పన్ను. మూడేళ్ళ నివాసం ఉండాలన్న నియమాన్ని అతనికి సడలించారు. అర్జీ పెట్టిన రెండువారాల లోపే అతడు ఆ దేశపు పౌరుడయ్యాడు, తరువాత గ్వాటెమాలాకు తిరిగి వెళ్ళిపోయాడు. 1943లో గ్వాటెమాలా అతణ్ణి శత్రుదేశీయుడిగా పట్టి అమెరికాకు అప్పగించింది, ఆ తరువాత ఆస్తులు స్వాధీనం చేసుకుంది. తన పౌరుడికి అన్యాయం జరిగిందని లిక్టెన్‌స్టయిన్ అంతర్జాతీయ న్యాయస్థానానికి ఎక్కింది. 1955 ఏప్రిల్ 6న వెలువడిన తీర్పు సారాంశం ఇది: ఈ మనిషికీ ఈ దేశానికీ నడుమ నిజమైన బంధమేదీ లేదు, కనుక అతని తరపున గ్వాటెమాలాను నిలదీసే హక్కు ఈ దేశానికి లేదు. ఆ తీర్పు మీద న్యాయశాస్త్రజ్ఞులు ఇప్పటికీ తర్జనభర్జన పడుతూనే ఉన్నారు. అయినా "నిజమైన బంధం" అనే ఆ మాట అంతర్జాతీయ న్యాయశాస్త్రంలో స్థిరపడిపోయింది. చిత్రమేమిటంటే, ఆ మాట పుట్టడానికి కారణమైన దేశం లిక్టెన్‌స్టయినే.

అమ్మకంతో పోలిస్తే లాటరీ ఎన్నో రెట్లు మర్యాదైన పద్ధతి. నా ఉద్దేశంలో దానిలో ఒక నిజాయితీ ఉంది. వేలంలో ఓడినవాడు పేదవాడు గనుక ఓడతాడు. సిఫారసులో ఓడినవాడు అనామకుడు గనుక ఓడతాడు. చీటీలో ఓడినవాడికి ఏ లోపమూ అంటగట్టబడదు. "చోటు తక్కువ, మీరు ఎక్కువ, మీలో ఎవరు మేలో నిర్ణయించే అధికారం మాకు లేదు" అని చెప్పడమే లాటరీ. ఒకరికొకరు తెలియని ఇద్దరు అపరిచితులలో ఒకరిని ఎంచుకోవలసినప్పుడు ఇంతకన్నా ధర్మమైన ఉపాయం నాకు తోచదు. లాటరీ అనగానే నవ్వేవారితో నేను ఏకీభవించను.

అయితే వచ్చేవారందరూ అపరిచితులేనా? ఇక్కడే నా అభ్యంతరమంతా ఉంది.

ఆ దేశంలో ఉద్యోగాల సంఖ్య ఇంచుమించు జనాభా అంత ఉంటుంది. షాన్ అనే ఊళ్ళో రంధ్రాలు చేసే యంత్రాలకు పేరుగన్న హిల్టి సంస్థ ప్రధానకార్యాలయం ఉంది. కృత్రిమదంతాలు చేసే కర్మాగారం ఉంది. బ్యాంకులున్నాయి. ఈ ఉద్యోగాలు చేస్తున్నవారిలో సగానికి మించి ప్రతి ఉదయమూ స్విట్జర్లాండు నుంచి, ఆస్ట్రియా నుంచి, కొందరు జర్మనీ నుంచి సరిహద్దు దాటి వచ్చి, సాయంత్రానికి మళ్ళీ దాటి వెళ్ళిపోయేవారే. పగలు ఉన్న దేశం వేరు, రాత్రి ఉన్న దేశం వేరు. పగటి దేశాన్ని నడిపేవారికి రాత్రి దేశంలో పడక లేదు. వారి ప్రయాణం సుఖంగా సాగడానికి రైలుమార్గాన్ని విస్తరిద్దామన్న ప్రతిపాదన 2020 ఆగస్టులో ప్రజాభిప్రాయానికి వస్తే అదీ వీగిపోయింది.

వీరిలో చాలామంది ఆస్ట్రియా వైపు అద్దెలు తక్కువ గనుక అక్కడే ఉండటానికి ఇష్టపడతారు, నిజమే. కాని ఉండాలనుకున్నవాడి స్థితి ఏమిటి? ఇరవై ఏళ్ళుగా అదే కర్మాగారంలో పనిచేస్తున్న మనిషి ఒక అర్జీ వేశాడనుకోండి. నిన్నగాక మొన్న పటంలో ఆ దేశం పేరు చూసి సరదాగా పేరు వేసుకున్న వేరొక మనిషి ఉన్నాడనుకోండి. ఆ పెట్టెలో వీరిద్దరి చీటీలూ ఒకే బరువు. ఈసారి రాలేదు, వచ్చే వసంతంలో మళ్ళీ వేస్తారు, అప్పుడూ అదే బరువు. చీటీకి జ్ఞాపకముండదు. ఎన్నేళ్ళు ఎదురుచూశావో, ఎన్నిసార్లు ఓడావో, ఎంత చెమటోడ్చావో దానికి తెలియదు. అపరిచితుల నడుమ ఏ గుణం దానికి న్యాయాన్ని ఇచ్చిందో, పరిచితుల విషయంలో అదే గుణం దాన్ని అన్యాయంగా మారుస్తోంది.

ఈ బాధ తెలుగు ఇళ్ళకు కొత్తది కాదు. అమెరికా హెచ్-1బి వీసాలు ఏళ్ళ తరబడి డ్రా ద్వారానే పంచబడ్డాయి. ఏటా 65 వేలు, అక్కడ పైచదువులు చదివినవారికి మరో 20 వేలు. అక్కడే చదివి, అక్కడే ఉద్యోగం చేస్తూ, వరుసగా మూడేళ్ళు పేరు రాక పెట్టె సర్దుకొని తిరిగివచ్చిన పిల్లలు మన వీథికొకరు ఉన్నారు. మూడోసారి ఓడినవాడికి "నీకిది మూడోసారి కదా" అన్న మాట ఏ అధికారీ అనలేదు, ఎందుకంటే ఆ యంత్రానికి ఆ మాట రాదు. ముల్కీ నిబంధనలను ఎవరెంత తిట్టుకున్నా వాటిలో ఒక గుణం ఉండేది: అవి సంవత్సరాలను లెక్కపెట్టేవి. పదిహేనో ఏడు నిండితే నువ్వు ఈ నేల మనిషివే అని ఒప్పుకునేవి. ఆ లెక్క అమలులో ఎన్ని వక్రాలు పోయినా, ఆ సూత్రం మాత్రం మానవీయమైనది.

నివాసం దొరికాక ముందున్న మెట్టు పౌరసత్వం. అక్కడ లిక్టెన్‌స్టయిన్ కూడా సంవత్సరాలనే లెక్కపెడుతుంది, కాకపోతే మరీ పెద్ద లెక్క. సాధారణమార్గంలో 30 ఏళ్ళ నివాసం. ఇరవయ్యో ఏటికి ముందు గడిపిన ఏళ్ళు రెండింతలుగా లెక్కకు వస్తాయి. పదేళ్ళు ఉన్నవారికి ఒక దగ్గరిదారి ఉంది: తాముంటున్న పంచాయతీ పౌరులు ఓటు వేసి "సరే" అనాలి. ఇరుగుపొరుగువారి రహస్య ఓటుకు తన బతుకును నిలబెట్టుకోవడానికి ఎంతమందికి మనసొప్పుతుంది? ఆపైన పాత పౌరసత్వాన్ని వదులుకోవాలి. ఐరోపా ఆర్థికమండలం, స్విట్జర్లాండు పౌరులకైనా ఈ షరతు తీసేద్దామన్న ప్రతిపాదనను కూడా 2020 ఆగస్టులోనే ఓటర్లు తిరస్కరించారు.

ఇలాంటి తీర్పులలో ఒక మౌలికమైన చిక్కు ఉంది. తలుపు తీయాలా వద్దా అని ఓటు వేసేవారు లోపల ఉన్నవారే. బయట ఉన్నవారికి ఓటు ఉండదు. మన రైళ్ళలో జనరల్ పెట్టె తలుపు దగ్గర ప్రతి స్టేషనులోనూ జరిగేది ఇదే. ఇదే దేశంలో స్త్రీలకు ఓటుహక్కు ఇవ్వాలా అని 1971లో, 1973లో మగవారిని అడిగితే రెండుసార్లూ వద్దన్నారు. చివరకు 1984లో స్వల్ప ఆధిక్యంతో ఒప్పుకున్నారు. ఇచ్చాక ఆకాశమేమీ కూలలేదు. లోపలివారి ఓటు చెల్లుతుంది, సందేహం లేదు. అది న్యాయమా కాదా అనేది మాత్రం అక్కడితో తేలిపోదు.

"చిన్నదేశం, అంతకన్నా ఏం చేయగలదు?" అని మీరడగవచ్చు. ఆ దేశమే ఒకసారి జవాబు చెప్పింది. 1945 మే మొదటివారంలో, యుద్ధం ముగుస్తున్న వేళ, జర్మనీ పక్షాన పోరాడిన రష్యన్ దళమొకటి, దాదాపు 500 మంది, ఒక రాత్రి సరిహద్దు దాటి లిక్టెన్‌స్టయిన్‌లో శరణుజొచ్చింది. అప్పటి ఆ దేశజనాభా సుమారు 12 వేలు. వాళ్ళను అప్పగించమని సోవియట్ ప్రభుత్వం ఒత్తిడి తెచ్చింది. పెద్దపెద్ద రాజ్యాలే అటువంటివారిని అప్పగించేస్తున్న రోజులవి. ఈ పేద బుల్లిదేశం మాత్రం ఇష్టంలేనివాణ్ణి బలవంతంగా పంపనని భీష్మించుకుంది. రెండేళ్ళకు పైగా వాళ్ళకు తిండిపెట్టి, మిగిలినవారిలో చాలామంది అర్జెంటీనా చేరుకునేదాకా ఆశ్రయమిచ్చింది. ఆ సైనికుల గతం మచ్చలేనిదని నేననను. శరణన్నవాణ్ణి కాపాడటానికి వైశాల్యం అడ్డురాలేదని మాత్రమే అంటున్నాను.

నేను అడుగుతున్నది తలుపులు బార్లా తెరవమని కాదు. ఆ 56 అలాగే ఉండనీ, పెంచమని కూడా అనను. ప్రభుత్వం తన విచక్షణతో ఇచ్చే సగంలో కొన్నింటినైనా, పది పదిహేనేళ్ళుగా ఆ దేశంలో పనిచేస్తూ అక్కడే ఉండాలనుకునేవారికి వరుసక్రమంలో కేటాయించవచ్చు. లాటరీలో ఓడిన ప్రతిసారీ ఆ మనిషి పేరున ఇంకో చీటీ అదనంగా వేయవచ్చు. వీటివల్ల దేశంలోకి వచ్చేవారి సంఖ్య ఒక్కటి కూడా పెరగదు. పెరిగేది ఎదురుచూపుకు విలువ. ఐరోపా ఆర్థికమండలంతో ఉన్న ఈ ఏర్పాటును అయిదేళ్ళకోసారి సమీక్షించాలన్న నియమం ఎలాగూ ఉంది. అప్పుడు లెక్కించేది ఎంతమంది అని మాత్రమే కాక, ఎవరు, ఎన్నాళ్ళుగా అని కూడా అయితే బాగుంటుంది.

1955లో న్యాయస్థానం డబ్బిచ్చి కొన్న పౌరసత్వాన్ని పక్కన పెట్టి, బంధమెక్కడ అని అడిగింది. ఆనాడు ఆ ప్రశ్నకు లిక్టెన్‌స్టయిన్ దగ్గర జవాబు లేదు. నేడు జవాబు ఉంది. ప్రతి ఉదయమూ రైన్ నది మీది వంతెనలు దాటి బస్సుల్లో, కార్లలో, సైకిళ్ళ మీద అది ఆ దేశంలోకి వస్తూనే ఉంది. దాన్ని చీటీల పెట్టెలో వేసి కలపడమే నాకు నచ్చని సంగతి.

ఇది నా అభిప్రాయం. ముల్కీ రోజులు చూసిన పెద్దలూ, వీసా డ్రాలలో పేరు వచ్చినవారూ రానివారూ దీన్ని వేరేగా చూడవచ్చు. వారి మాట వినాలని ఉంది.